కాస్త సౌండు పెంచవే

పాట ఎంత సౌండులో వినాలన్న దాని మీద కాపురాలు కూలిపోవు. నిజమే. కానీ ఒక ఇంట్లో రోజూ సాయంత్రం అయ్యేసరికి ఆ ఒక్క విషయం మీదే నలుగురు మనుషులు నాలుగు వైపులకు ముఖాలు తిప్పుకుని కూర్చుంటున్నారంటే, ఆ గొడవలో ఇంకేదో ఉందేమోనని మనం ఆగి చూడాలి.

ఆ ఇంటి ఇల్లాలు మిల్లులో మరమగ్గాల మీద పనిచేస్తుంది. షెడ్డులో ఆడవాళ్ళంతా ఆమెను పెద్దక్క అని పిలుస్తారు. పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి రాగానే పెద్దక్క చేసే పనులకు ఒక వరస ఉంది. గుమ్మం బయటే నిలబడి తలలో చిక్కుకున్న దూది పీచు దులుపుకుంటుంది. ముఖం కడుక్కుంటుంది. ఆ తరవాత, పొయ్యి మీద టీ గిన్నె పెట్టకముందే, ముందుగదిలో ఉన్న స్టీరియో దగ్గరికి వెళ్ళి పాట పెడుతుంది. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళామూ ముచ్చటపడి కొనుక్కున్న స్టీరియో అది. రెండు స్పీకర్లు, సౌండుకి ఒక గుండ్రటి మీట, మీట చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలు.

ఆ అంకెల దగ్గరే వచ్చింది చిక్కంతా.

పెద్దక్క భర్త లైబ్రరీలో అటెండరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనాన్ని "ష్" అనడమే ఆయన ఉద్యోగం. ఆయనకు పాట రెండు మీద ఉంటే చాలు. అత్తగారికైతే కట్టేసి ఉంటే మరీ బాగుంటుంది. కూతురు బుల్లికి మూడు. పెద్దక్కకు ఏడుకు తగ్గితే పాట విన్నట్టే ఉండదు. చివరికి ఒకరోజు పెద్ద రభస జరిగి, ఇంటిల్లిపాదీ కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. బుల్లి తన గోళ్ళ రంగు తెచ్చి మూడో అంకె మీద ఎర్రటి చుక్క పెట్టింది. ఆ చుక్క దాటడానికి వీల్లేదు.

రాజీ అని పేరేగాని అందులో ఓడిపోయింది పెద్దక్క ఒక్కతే. మూడు మీద ఆమెకు దరువు మాత్రమే వినబడేది. పాడే మనిషి పక్క గదిలో తలుపు వేసుకుని తనలో తాను గొణుక్కుంటున్నట్టు ఉండేది. వేణువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగేదో తెలిసేది కాదు. మాటలన్నీ అంచు కుట్టని గుడ్డలా పోగులు పోగులుగా విడిపోయేవి.

"ఈ స్పీకర్లు చెడిపోయాయండీ," అంది ఒకరోజు భర్తతో.

"స్పీకర్లు కాదు, నీకు మంకుతనం ఎక్కువైంది," అన్నాడాయన చదువుతున్న పేపరు దించి. ఆ మాటను ఆమె ఆయన పెదాల మీద చదువుకుంది.

పట్టుబట్టి మెకానిక్కును పిలిపించింది. అతను రెండు స్పీకర్లూ విప్పాడు, దుమ్ము ఊదాడు, మళ్ళీ బిగించాడు. "మిషను రాయిలా ఉందమ్మా. దీనికేం రోగం లేదు," అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. పని రానివాణ్ణి పట్టుకొచ్చారని పెద్దక్క ఆ పూటంతా సణిగింది.

ముందుగదిలో ఎవరూ లేని సమయం చూసి మీట తిప్పుకుందామన్నా కుదిరేది కాదు. ఏడుకు చేరిన రెండో నిమిషానికి పక్కవాటా టీచరమ్మ గోడ మీద గరిటెతో కొట్టేది. గోడ చప్పుడు పెద్దక్కకు వినబడేది కాదు. అందుకని ఆవిడ గుమ్మంలోకే వచ్చి నిలబడేది.

"ఏమండీ, మీ ఇంట్లో పెళ్ళా? చెప్పుంటే మేమూ ముస్తాబై వచ్చేవాళ్ళం కదా!"

"ఇప్పుడే పెట్టానండీ, ఒక్క పాట..."

"ఒక్క పాటే, కాదన్లేదు. కానీ మా గోడ మీద పటాలన్నీ ఆ ఒక్క పాటకే పక్కకు ఒరిగిపోతున్నాయి."

అత్తగారు లోపలి మంచం మీద నుంచి గొంతెత్తి అందుకునేది. ఆవిడకు చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. "అమ్మాయ్, ఈ చెవులు ఇంత వయసొచ్చినా ఎందుకు చెడిపోలేదా అని ఏడుపొస్తోందే నాకు. నువ్వు పాట పెట్టినప్పుడల్లా ఓ రెండు గంటలు అరువిచ్చే చెవుడు ఎక్కడైనా దొరికితే బాగుండు!"

అందరూ నవ్వేవారు. పెద్దక్కకు కడుపు మండిపోయేది. రోజంతా నిలబడి మగ్గాల మధ్య తిరిగి వచ్చిన మనిషి. ఇంటిల్లిపాదికీ వండి పెట్టే మనిషి. తన ఇంట్లో, తన స్టీరియోలో, తనకు నచ్చిన ఒక పాట మాటలు అర్థమయ్యేలా వినడానికి లేదు! దొంగతనం చేసినట్టు మీట దగ్గర తచ్చాడాలి! చెవుడన్న మాట తనకే తగిలి, "నాకు చెవుడంటారా? షెడ్డులో ఏ మగ్గం సరిగా ఆడటం లేదో అందరికంటే ముందు కనిపెట్టేది నేనే, తెలుసా?" అని అరిచేది. అదీ నిజమే. మగ్గం లయ తప్పితే పెద్దక్క పాదాలకు తెలిసిపోయేది. నేల అదిరే తీరులో వచ్చే తేడాను ఆమె వినడమే అనుకునేది.

ఇలా ఉండగా బుల్లి చదువు ఆపి అదే షెడ్డులో పనికి చేరింది. తల్లి వెనక నిలబడి, తెగిన పోగు ముడివేయడం, అడ్డపోగు మోసే నాడె మార్చడం నేర్చుకుంటోంది. ఆ షెడ్డులో మనుషుల గొంతుకు చోటు లేదు. నాడెలు ఇటూ అటూ కొట్టుకునే చప్పుడులో మాటలు పెదాలతో, చేతులతోనే సాగాలి. మొదటి వారం బుల్లి ఇంటికొచ్చి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పడుకుంది.

"అమ్మా, చెవుల్లో జుమ్మని ఒకటే మోత. మిల్లు నా తలలోకి వచ్చి కూర్చున్నట్టుంది."

"అందరికీ అంతేనే. కుదురుతుంది," అంది పెద్దక్క. ఆమె చేరిన కొత్తలో ఆమెకూ ఎవరో ఇదే మాట చెప్పారు.

కుదరడం అన్నది ఆ షెడ్డులో పెద్ద మాట. కొత్తగా చేరిన పిల్ల ఏ రోజు షిఫ్టు దిగి వచ్చి "ఇవాళ నాకు మోత లేదక్కా" అంటుందో ఆ రోజు "చెవి కుదిరింది, చెవి కుదిరింది" అని అందరూ వీపు తట్టి మెచ్చుకుంటారు. ఆ పిల్ల అందరికీ టీలూ బన్నులూ ఇప్పించాలి. ఆ మర్నాడే సూపర్వైజరు ఆమెకు సొంతంగా మగ్గాలు అప్పగిస్తాడు. అంతవరకూ ఆమె ఒకరి వెనక నిలబడే మనిషే. చెవి కుదరక మధ్యలో మానేసి పోయిన పిల్లలను తలుచుకుని "సుకుమారి" అని ఎగతాళి చేసేవారు. చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఒక పెట్టె నిండా ఆఫీసు బీరువాలో ఉన్నాయని అందరికీ తెలుసు. వాటిని అడిగితే ఇంకా కుదరలేదని ఒప్పుకున్నట్టే. అందుకని ఎవరూ అడగరు. ఎంతమంది పిల్లలకు పెద్దక్క తన చేత్తో "కుదిరింది" అని వీపు తట్టిందో ఆమెకే గుర్తు లేదు.

కొన్ని నెలలు గడిచాక ఒక సెలవురోజు పొద్దున. పెద్దక్క వంటింట్లో కూరలు తరుగుతోంది. ముందుగదిలో పాట మొదలైంది. తరుగుతున్న చేయి దానంతటదే ఆగింది. మాటలు! ఒక్కొక్క మాటా విడివిడిగా, శుభ్రంగా, ఆమె దాకా వస్తున్నాయి. చరణం మధ్యలో వేణువు కూడా పలచగా వినబడింది. ఎన్నాళ్ళకు! ఈ ఇంట్లో ఎవరో ఒకరికి తన మీద దయ కలిగింది. ఎవరై ఉంటారు? ఆయనా? ఆయనకంత రసికత ఉంటే ఇన్నాళ్ళూ ఏమైంది? ఆమె తనలో తాను నవ్వుకుంటూ పాటతో పాటు కూనిరాగం తీసింది.

అంతలో భర్త లోపలి గదిలోంచి విసురుగా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"సెలవు రోజైనా మమ్మల్ని బతకనివ్వవా? చుక్క ఎందుకు పెట్టుకున్నాం మనం?"

"నేనిక్కడ కూరలు తరుగుతున్నాను కదండీ! నా చేతులు ఎంత పొడుగున్నాయని అక్కడి మీట తిప్పడానికి?"

ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. బుల్లి స్టీరియో ముందు నేల మీద కూర్చుని, స్పీకరుకు చెవి దగ్గరగా వంచి పెట్టింది. ఒక చేయి ఇంకా మీట మీదే ఉంది. మీట ఎర్రచుక్క దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది.

"బుల్లీ!" అన్నాడు తండ్రి. ఆ పిల్ల తల తిప్పలేదు. ఆయన వెళ్ళి భుజం తట్టాడు. ఉలిక్కిపడి చూసింది.

"ఏమిటీ సౌండు?"

"ఎక్కడ నాన్నా సౌండు? అసలు మాటలే అర్థం కావట్లేదు. అమ్మ చెప్పింది నిజమే, ఈ స్పీకర్లు పోయాయి."

పెద్దక్క నవ్వాల్సింది. ఇన్నాళ్ళూ తనతో పోట్లాడిన పిల్ల తన పక్షానికి వచ్చింది. భర్త వైపు తిరిగి "చూశారా, నేను చెప్పలేదూ!" అనాల్సింది. ఆమె కళ్ళు బుల్లి చేతి కింద ఉన్న ఎర్రచుక్క మీద పడ్డాయి. చుక్క పెట్టింది ఈ పిల్లే. మూడు దాటితే తలనొప్పి అన్నది ఈ పిల్లే.

"అన్నట్టు అమ్మా," అంది బుల్లి ముఖం వెలిగిపోతుండగా, "ఈ వారమంతా నా చెవుల్లో మోత లేదు. రేపు అందరికీ టీలు ఇప్పించాలి. నాకు కుదిరింది!"

పెద్దక్క ఆ పిల్ల వీపు తట్టలేదు.

"అత్తయ్యా," అంది లోపలి గదిలోకి వెళ్ళి. "బుల్లి మీరు పిలిస్తే పలుకుతోందా?"

"ఎక్కడ పలుకుతోంది? సంపాదనలో పడింది కదా, పొగరెక్కింది. మంచినీళ్ళు ఇమ్మని గొంతు చించుకున్నా అటు తిరిగే కూర్చుంటోంది. అచ్చం నీ పోలికే."

అచ్చం నీ పోలికే. ఆవిడ మామూలుగానే అంది. పెద్దక్క మాత్రం మంచం అంచున కూర్చుంది. పిల్లది పొగరని ఒకరు తేల్చారు. తనది మంకుతనమని ఇంకొకరు ఎప్పుడో తేల్చారు. స్పీకర్లను విప్పి చూశారు, మీటకు చుక్క పెట్టారు, గోడ మీద గరిటెలతో కొట్టారు. ఇన్నేళ్ళలో వినే చెవిని పరీక్ష చేయించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తనకే తోచలేదు.

ఆ రోజే ఆసుపత్రిలో చెవుల డాక్టరు తల్లీకూతుళ్ళిద్దరినీ అద్దాల గదిలో విడివిడిగా కూర్చోబెట్టి పరీక్ష చేసింది. చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. చాలాసేపు పెద్దక్క చేతిలోని మీట కదలనే లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమోనని ఆమె డాక్టరు ముఖం వైపు చూస్తూ కూర్చుంది.

"మీరు పోగొట్టుకున్నది తిరిగి రాదమ్మా," అంది డాక్టరు, పెదాలు కనబడేలా ఎదురుగా కూర్చుని. "మిషను పెట్టుకుంటే కొంత వినబడుతుంది. మీ అమ్మాయిది ఇప్పుడే మొదలైంది. ఆ షెడ్డులో చెవులు కప్పుకుని నిలబడితే ఇంతటితో ఆగుతుంది. కొంత తిరిగి రావచ్చు కూడా, మాట ఇవ్వలేను."

"మరి దీనికి మోత తగ్గిందంటోంది కదా డాక్టరుగారూ? చెవి కుదిరిందని..."

"కుదరడమా?" డాక్టరు అర్థం కానట్టు చూసింది. పెద్దక్క వివరంగా చెప్పింది. టీలూ బన్నుల సంగతి కూడా చెప్పింది. వింటున్నకొద్దీ డాక్టరు ముఖం నల్లబడింది.

"కాలికి రోజూ ఒరిపిడి తగిలితే కాయ కాసి గట్టిపడుతుంది. చెవికి కాయ కాయదమ్మా. మోత ఆగినంత మాత్రాన దెబ్బ మానినట్టు కాదు. మీరు టీలు తాగింది దేనికో తెలిస్తే ఆ టీ గొంతు దిగేది కాదు."

దారి పొడుగునా బుల్లి ఏడుస్తూనే ఉంది. అయితే ఆ ఏడుపు చెవి గురించి కాదు. "రేపు టీలు ఇప్పిస్తే ఎల్లుండి మగ్గాలు ఇచ్చేవారు అమ్మా! ఇప్పుడు బిరడాలు పెట్టుకుని వెళ్తే నన్ను సుకుమారి అంటారు. నీ వెనకే ఇంకో ఏడాది నిలబెడతారు. నువ్వే కదా కుదురుతుందన్నావు!"

పెద్దక్క పిల్ల చేయి పట్టుకుని నడిచింది.

మర్నాడు పనిలోకి దిగకముందే ఆమె సూపర్వైజరు గదికి వెళ్ళింది. బుల్లి వెనక ముఖం ముడుచుకుని నిలబడింది.

"చెవుల బిరడాల పెట్టె ఇవ్వండి సార్. మా అమ్మాయికి కావాలి."

"అవి ఇన్‌స్పెక్షన్ రోజు కోసమమ్మా," అన్నాడాయన తాపీగా. "ఇప్పుడు వాడేస్తే అప్పుడు ఏం చూపిస్తాం?"

"చూపించడానికా, పెట్టుకోవడానికా సార్ అవి?"

"ఇన్నేళ్ళ సర్వీసులో నువ్వెప్పుడైనా అడిగావా? ఎవరైనా అడిగారా? మీకే అక్కర్లేదు, మధ్యలో నన్నంటావేమిటి? బిరడాలు పెట్టుకుంటే మగ్గం చప్పుడు తెలియదని మీరే అన్నారు కదా. నీ కూతురికి చెవి కుదిరితే మగ్గాలు తీసుకోమను, లేకపోతే లేదు. నాకు పనుంది."

టీ వేళకు క్యాంటీనులో సంగతి చెబుతుంటే ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు.

"కూతురు కాబట్టి చెవులు గుర్తొచ్చాయి, మా పిల్లలకైతే వీపు తట్టావు!" అందొకామె.

"మా చెల్లెలు ఏడుస్తుంటే నువ్వే కదక్కా ఊరుకోబెట్టింది, కుదురుతుందిలే అని?"

"ఇప్పుడేమంటావు, మేమంతా చెవిటివాళ్ళమనా?"

"కొంచెం మెల్లిగా అమ్మా," అన్నాడు క్యాంటీను అతను టీ గ్లాసులు పెడుతూ. "మీరు రహస్యం చెప్పుకున్నా గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినబడుతుంది."

రోజూ ఉండే హాస్యమే అది. రోజూ నవ్వేవారే. ఆ పూట ఎందుకో ఎవరూ నవ్వలేదు.

పెద్దక్క తల వంచుకుంది. "తిట్టండి. తిట్టాల్సిందే. కానీ ఒక్కటి చెప్పండి. మీ ఇళ్ళలో సౌండు గురించి పోట్లాట లేనిది ఎవరికి?"

మూలన కూర్చున్న కళ్ళద్దాలామె ముందు నోరు విప్పింది. "మా ఆయన టీవీ రిమోట్ దాచేస్తాడు. పక్క ఊరికి కూడా వార్తలు వినిపిస్తున్నానట."

"మా కోడలు నాకు ఫోను చేయడం మానేసింది," అంది ఇంకొకామె. "నేను దెబ్బలాడుతున్నట్టు మాట్లాడతానట."

"మా అబ్బాయి స్నేహితుల్ని ఇంటికి తీసుకురాడు. అమ్మ అరుస్తుందని సిగ్గట వాడికి."

ఒకరి తరవాత ఒకరు. ప్రతి ఇంట్లోనూ ఒక మీట, ప్రతి మీట దగ్గరా ఒక తగువు. ప్రతి ఒక్కతీ ఇంట్లో తనవాళ్ళకే తనంటే గిట్టదని ఇన్నాళ్ళూ కుమిలిపోతూ ఉంది. ఒక్కో మాట బయటికి వస్తున్నకొద్దీ పెద్దక్కకు ఊరట బదులు ఉక్రోషం పెరిగింది. ఇంతమంది ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇన్నేళ్ళు టీలు తాగారు, ఈ మాట మాత్రం అనుకోలేదు!

గ్లాసు పక్కన పెట్టి లేచింది. ఎవరినీ రమ్మనలేదు. కళ్ళద్దాలామె లేచింది. చెల్లెలి గురించి దెప్పినామె కూడా విసుక్కుంటూనే లేచింది. గుంపంతా సూపర్వైజరు గది ముందు నిలబడేసరికి ఆయన కుర్చీలోంచి లేవక తప్పలేదు.

"ఏమిటమ్మా ఇది? మగ్గాలు ఆగిపోతున్నాయక్కడ!"

"ఆగనివ్వండి సార్," అంది పెద్దక్క. తను ఎంత గట్టిగా మాట్లాడుతోందో ఆమెకు తెలియదు. గేటు దాకా వినబడే ఉంటుంది. "ఆ పెట్టె తీయండి. అందరికీ చాలకపోతే ఇంకో పెట్టె తెప్పించండి. రేపటి నుంచి కొత్తగా వచ్చే ఏ పిల్లకైనా బిరడాలు పెట్టాకే షెడ్డులోకి పంపుతాను. మగ్గంలో తేడా ఇన్నాళ్ళూ నాకు తెలిసింది చెవులతో కాదు, పాదాలతోనని ఇప్పుడర్థమైంది, అది వాళ్ళకు నేను నేర్పుతాను. చెవి కుదిరిందన్న మాట ఇక్కడ ఇంకెవరైనా అంటే నేనూరుకోను, అన్నది నేనైనా సరే."

ఆయన వాళ్ళ వైపు చూశాడు, షెడ్డు వైపు చూశాడు. గొణుగుతూ తాళాలు తీశాడు. ఏమని గొణిగాడో పెద్దక్కకు వినబడలేదు. వినాలనీ అనిపించలేదు. పెట్టె అట్ట మీద మందంగా దుమ్ము పేరుకుని ఉంది. అందులో ఉన్నవి సగం మందికే వచ్చాయి. మిగతావాళ్ళ కోసం పై ఆఫీసుకు రాస్తానన్నాడాయన. రాసేదాకా రోజూ వచ్చి ఇక్కడే నిలబడతామన్నారు వీళ్ళు.

బుల్లి ఇంకా తల్లితో మాట్లాడటం లేదు. మగ్గాలు ఎప్పుడు చేతికి వస్తాయో తెలియదు. అయినా తల్లి బిరడాలను వేళ్ళతో నలిపి చెవుల్లో పెడుతుంటే తల కదపకుండా నిలబడింది. అది చూసి చెల్లెలి గురించి దెప్పినామె పెద్దక్క పక్కకు వచ్చి, పెదాలు స్పష్టంగా కదుపుతూ అడిగింది. "మా ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పమంటావక్కా?"

పెద్దక్క ఆమెకు చెప్పిన మాటే ఈ కథ చదివే ప్రతి ఇంటికీ అక్కరకు వస్తుంది. "సౌండు తగ్గించమని నా మీద అరిచే ముందు, పగలంతా నేను ఏ చప్పుడులో నిలబడి వచ్చానో ఒక్కసారి అడగండి అని చెప్పు."